మా శిబిరం వార్త వేసినవాళ్లకీ, వార్త రాయడం నేర్పినవాళ్లకీ

మా రక్తదాన శిబిరం అయిపోయి వారం దాటింది. అద్దె కుర్చీలు వెళ్లిపోయాయి, బ్యానర్ మడతపెట్టి బీరువా మీద పడేశాం, రిజిస్టర్లు బ్లడ్ బ్యాంకుకి అప్పజెప్పాం. ఇక మిగిలింది థ్యాంక్స్ చెప్పడమే. ఆ రోజు హడావుడిలో ఎవరికి చెప్పానో, ఎవరి పక్కనుంచి పలకరించకుండానే పరిగెత్తానో గుర్తులేదు. అందుకే ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. పేర్లు వద్దని కొందరు ముందే అన్నారు కాబట్టి ఎవరి పేరూ పెట్టట్లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకి తెలిసిపోతుంది.

మా స్టూడెంట్ గ్రూపులో నాది మీడియా పని. ఏదో బాగా రాస్తానని ఇచ్చారనుకునేరు. రక్తం చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి, బెడ్ల దగ్గర పనికిరానని ఇచ్చారు. ప్రెస్ నోట్ అంటే కరపత్రాన్నే కాస్త గంభీరంగా రాయడం అనుకునేదాన్ని.

మొదట జూన్ 14న పెడదామనుకున్నాం. ప్రపంచ రక్తదాతల దినోత్సవం కదా, బ్యానర్‌కి కూడా కళ వస్తుందని. నేను రాసిన నోట్‌లో మొదటి పేరా మొత్తం కార్ల్ లాండ్‌స్టైనర్ గారే. ఆయన 1868లో అదే తేదీన పుట్టారు, 1901లో రక్తం గ్రూపుల సంగతి బయటపెట్టారు, 1930లో నోబెల్ బహుమతి అందుకున్నారు. రెండో పేరా మా గ్రూపు చరిత్ర. మూడో పేరాలో ముఖ్య అతిథులు, హోదాలతో సహా. శిబిరం ఎక్కడ, ఎన్ని గంటలకి అన్నది నాలుగో పేరా చివర్లో ఎక్కడో ఉంది.

ఆ కాగితం పట్టుకుని లోకల్ పేజీకి రాసే ఒక విలేకరి గారి దగ్గరికి వెళ్లాను. చదువుతారని ఎదురుగా నిలబడ్డాను. ఆయన చదవలేదు. పెన్ను మూత తీసి, పైనుంచి కిందికి వెతుక్కుంటూ వెళ్లి, నాలుగో పేరాలో తేదీ దగ్గర ఆగి, దాని కింద గీత గీశారు. మళ్లీ పైకొచ్చి లాండ్‌స్టైనర్ మీద అడ్డంగా కొట్టేశారు. "1901లో జరిగింది ఇవాళ వార్త కాదమ్మా" అన్నారు. తర్వాత అతిథుల పేరా. "వీళ్ల పేర్లు చూసి రక్తమివ్వడానికి ఎవరొస్తారు చెప్పు?"

నాకు కోపమొచ్చింది. రెండు రాత్రులు కూర్చుని రాసింది మరి.

ఆయన మాత్రం మామూలుగానే అన్నారు. "జూన్ 14 వచ్చిందంటే ఇలాంటి నోట్లు నా టేబుల్ మీద కట్టలు పడతాయి. అన్నీ కలిపి ఒక్క వార్త రాస్తాను. అందులో మీది ఒక లైను. ఇంతకీ మీరు ఈ శిబిరం పెట్టకపోతే ఎవరికి ఇబ్బంది? అది చెప్పు ముందు." నా దగ్గర సమాధానం లేదు. "బ్లడ్ బ్యాంకుకెళ్లి కనుక్కుని రా. వార్త సంగతి తర్వాత, ముందు నీకు తెలియాలి కదా" అని కాగితం చేతిలో పెట్టేశారు.

సార్, వార్త వేసినందుకు థ్యాంక్స్ కింద చెబుతాను. ఆ రోజు వెనక్కి పంపినందుకు ముందు చెప్పాలి.

బ్లడ్ బ్యాంకులో కౌన్సెలర్ మేడమ్ ఊపిరి సలపనంత పనిలో ఉన్నారు. అయినా నేను ఎందుకొచ్చానో విని, మాటల్లో చెప్పకుండా లోపలికి తీసుకెళ్లి ఒక మెషీన్ చూపించారు. అద్దం తలుపున్న పెట్టె. లోపల అరల మీద లేత పసుపు రంగు సంచులు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. ఆ అరలు నిదానంగా అటూ ఇటూ ఊగుతూనే ఉన్నాయి, పసిపిల్లని ఎవరో నిద్రపుచ్చుతున్నట్టు. ఎర్రరంగు చూడాల్సి వస్తుందని బిక్కుబిక్కుమంటూ వెళ్లిన నాకు ఆ పసుపేంటో అర్థం కాలేదు. "ప్లేట్‌లెట్లు" అన్నారు మేడమ్, అంటే రక్తస్రావం ఆగడానికి సాయపడే కణాలు. 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచాలి, ఊపుతూనే ఉండాలి. ఊపడం ఆపితే ఒకదానికొకటి అతుక్కుని పాడైపోతాయి. ఇంత సేవ చేసినా వాటి ఆయుష్షు మామూలుగా ఐదు రోజులు.

మిగతావి అలా కాదు. దాత ఇచ్చిన ఒక్క సంచీ రక్తాన్ని విడగొడితే వచ్చే ఎర్రకణాల్ని 2 నుంచి 6 డిగ్రీల చల్లదనంలో 42 రోజుల వరకూ దాచొచ్చు. ప్లాస్మానైతే గడ్డకట్టించి ఏడాది దాకా ఉంచొచ్చు. ప్లేట్‌లెట్లకి మాత్రం దాచుకోవడమనేదే లేదు. సోమవారం తీసినవి వచ్చే సోమవారానికి పనికిరావు. కీమోథెరపీ తీసుకుంటున్న వాళ్లకి ఇవి ఏ వారం అవసరమవుతాయో ఎవరూ ముందుగా చెప్పలేరు.

"మీరంతా ఒకే రోజు ఉత్సాహంగా వచ్చి ఇచ్చేస్తారు. తర్వాత పరీక్షలు, ఆ తర్వాత సెలవులు. కాలేజీ శిబిరాలన్నీ ఆగిపోతాయి. పేషెంట్లకి సెలవులుండవు కదమ్మా" అన్నారు మేడమ్. నిష్ఠూరమేమీ లేదు, రోజూ చూసేది చెప్పారంతే. నాకే ఎక్కడో తగిలింది. మేం ఇన్నాళ్లూ మాకు వీలున్న తేదీ చూసుకున్నాం.

తిరిగొచ్చి తేదీ మార్చాం. పరీక్షలైపోయి హాస్టళ్లు ఖాళీ అయ్యే వారంలో పెట్టాం. గ్రూపులో సగం మంది నన్ను తిట్టారు. వాళ్లు తిట్టిందీ నిజమే, క్యాంపస్‌లో మనుషులే ఉండనప్పుడు గోడమీద పోస్టర్లు ఎవరు చూస్తారు? బయటివాళ్లు రావాలి. అంటే ఈసారి పేపర్లో రాకపోతే శిబిరమే లేదు. అప్పటిదాకా కవరేజి అంటే మా దృష్టిలో మర్నాడు కటింగ్ తీసి నోటీసు బోర్డులో పెట్టుకోవడం. ఫలానా వాళ్లు శిబిరం నిర్వహించారు అని మర్నాడొచ్చే వార్త మనకి ముచ్చట, దాతకి దానితో పని లేదు. మాకు కావాల్సింది ముందు వచ్చే వార్త. అడగాల్సింది అదని ఇంత ఆలస్యంగా తెలిసింది.

రెండో నోట్ ఏడు వాక్యాలు. మొదటి వాక్యంలో ఐదు రోజుల సంగతి, రెండో వాక్యంలో సెలవుల సంగతి. మూడో వాక్యంలో ఎప్పుడు, ఎక్కడ, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు. మా గ్రూపు పేరు ఆరో వాక్యంలో ఒక్కసారి. విలేకరి సార్ ఈసారి పెన్ను మూత తీయలేదు. ఒక్కటే అడిగారు, "ఇందులో మనిషి ఏరి?"

ఆ మనిషిని కౌన్సెలర్ మేడమే కలిపారు. తీవ్రమైన తలసేమియా, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని పుట్టు జబ్బు, ఉన్న బాబుకి అమ్మ ఆమె. అలాంటి పిల్లలకి రెండు నుంచి ఐదు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, మామూలుగా జీవితాంతం. పేరు రాయం, ఫొటో తీయం, ముందు మీకు చదివి వినిపించాకే ఇస్తాం అని చెప్పి అప్పుడు అడిగాం. ఆమె పెద్దగా ఏమీ చెప్పలేదు. సెలవులొస్తే మిగతా పిల్లలు ఎగిరి గంతేస్తారని, తనకి మాత్రం ఆ నెలలో ఫోన్ మోగితే గుండె దడ పుడుతుందని అన్నారు. దాన్ని నేను కొంచెం అందంగా మార్చాలని చూస్తే సార్ ఒప్పుకోలేదు. ఆమె మాటే యథాతథంగా వెళ్లింది. అక్కా, ఆ వాక్యం చదివే వచ్చామని శిబిరంలో చాలామంది అన్నారు. మీకు ఆ మాట చేరాలి.

ఫొటోగ్రాఫర్ అన్నకి నేను పంపినవి బ్యానర్ వెనక వరసగా నిలబడిన మా అందరి ఫొటోలు. అవీ మెసేజ్‌లో మామూలుగా పంపడంతో కుదించుకుపోయి, ప్రింటుకి పనికిరాకుండా ఉన్నాయి. ఫైలుగా పంపితే సైజు తగ్గదని, ఎడమ నుంచి కుడికి ఎవరెవరో క్యాప్షన్‌లో రాయాలని ఓపిగ్గా చెప్పి, అంతా చెప్పాక "అయినా ఈ ఫొటో వద్దులే" అన్నారు. బ్లడ్ బ్యాంకు అనుమతి తీసుకుని తనే వెళ్లి ఆ ఊగే అరల్ని తీశారు. షట్టర్ స్పీడు తగ్గించి తీయడంతో సంచులు కాస్త అలికినట్టు పడ్డాయి. ఫొటో చూస్తుంటే కదలిక తెలుస్తుంది. పేపర్లో అదే వేశారు. మా బ్యానర్ ఎక్కడా లేదు, ఎవరూ బాధపడలేదు. సరే, ఇద్దరు బాధపడ్డారు.

ఇక అసలు గండం. వార్త రావాల్సిన ముందు రాత్రి 9:40కి తెలియని నంబర్ నుంచి ఫోన్. డెస్క్‌లో సబ్ ఎడిటర్ మేడమ్. "మీ నోట్‌లో ఆదివారం అని రాశారు. క్యాలెండర్‌లో ఆ తేదీ శనివారం. ఏది కరెక్ట్?"

నా కాళ్లు చల్లబడ్డాయి. తేదీ మార్చినప్పుడు వారం మార్చడం మర్చిపోయాను. ఐదుగురం చదివాం ఆ నోట్, ఒక్కరం చూడలేదు. అది అలాగే అచ్చయితే సగం మంది మర్నాడొచ్చి తాళం చూసి వెళ్లిపోయేవాళ్లు. శనివారమే అని చెప్పాను. "కంగారు పడకండి, పేజీ వెళ్లడానికి ఇంకో పది నిమిషాలుంది. తొందరపడకుండా ఒకసారి చూసి చెప్పండి" అన్నారామె. చూసి చెప్పాను. పెట్టేసే ముందు ఇంకో మాట అడిగారు. "రక్తమిచ్చేవాళ్లు ఖాళీ కడుపుతో రావొద్దని రాయలేదేం? ఒక లైను కలుపుతున్నాను."

మేడమ్, మీ ముఖం నాకు తెలియదు. పేజీలో ఎక్కడా మీ పేరు ఉండదని కూడా తర్వాతే తెలిసింది. "ప్లేట్‌లెట్ల ఆయుష్షు ఐదు రోజులే" అన్న ఆ శీర్షిక మీదేనట. నేను పంపిన శీర్షిక ఏమిటో ఇక్కడ చెప్పను, సిగ్గేస్తుంది.

వార్తలో మా గ్రూపు పేరు తప్పు పడింది. ఒక అక్షరం పోయి అర్థమే మారిపోయింది. సీనియర్లు సవరణ వేయించమని పట్టుబట్టారు. నేను అడగలేదు. తేదీ, చోటు, సమయం, ఫోన్ నంబర్ నాలుగూ సరిగ్గా ఉన్నాయి, అది చాలు.

రేడియో అక్కకి కూడా చెప్పాలి. రెండు నిమిషాలిచ్చి, "నీకు రక్తమంటే భయమటగా, అదే చెప్పు" అన్నారు. చెప్పాను. భయంగా ఉందని ఫోన్ చేసినవాళ్లలో ఎక్కువమంది అది విన్నవాళ్లే. టీవీ బైట్‌లో మాత్రం నేను మూడుసార్లు తడబడ్డాను, నాలుగోసారి కెమెరా ఆయనే "బాగానే వచ్చింది" అని జాలిపడి వెళ్లిపోయారు. ఇంకోచోట ప్రకటన ఇస్తే చూద్దామన్నారు. ప్రకటనకి మా దగ్గర డబ్బుల్లేవు, వచ్చేశాం. అదొక్కటి తప్ప ఎక్కడా రూపాయి అడగలేదు. విలేకరి సార్‌కి జ్ఞాపిక ఇస్తామంటే, "ఈసారి నోట్‌లో వారం చూసుకో చాలు" అన్నారు.

శిబిరం రోజు మధ్యాహ్నానికి మొదటి రిజిస్టర్ అయిపోయింది. రెండోది ఎవరూ తేలేదు, అంత ఆశ మాకెవరికీ లేదు. ఒకబ్బాయి తన నోట్‌బుక్‌లో ఖాళీ పేజీలకి గళ్లు గీసి ఇచ్చాడు. హిమోగ్లోబిన్ తక్కువుందని కొందరిని వెనక్కి పంపాల్సి వచ్చింది. మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిన మీ అందరికీ కూడా థ్యాంక్స్. వచ్చారు కదా.

శిబిరమైన నాలుగో రోజు సార్ మళ్లీ ఫోన్ చేశారు. నేను హలో అనేలోపే, "ఆ ప్లేట్‌లెట్లు ఏమయ్యాయి?" కౌన్సెలర్ మేడమ్‌ని అడిగి చెప్పాను, అన్నీ వెళ్లిపోయాయని. "సరే" అని పెట్టేశారు. అది వార్తగా రాలేదు. ఊరికే తెలుసుకుందామని చేశారనుకుంటా.

ఇక ఒక్కరు మిగిలారు. పేరు అడగడం మర్చిపోయాను. నడివయసు మనిషి, మొదటిసారి ఇస్తున్నానన్నారు. గుమ్మం దగ్గర ఆగి చొక్కా జేబులోంచి మడతపెట్టిన పేపర్ ముక్క తీసి, విప్పి, "ఇది ఇక్కడేనా?" అని అడిగారు. మా వార్తే. సమయం కింద నీలం పెన్నుతో గీత ఉంది. రక్తమిచ్చి, చేతికి పట్టీ వేయించుకుని కూర్చున్నాక దగ్గరికెళ్లి, ఆ కటింగ్ నాకిస్తారా అని అడిగాను. మా దగ్గర కాపీలు చాలానే ఉన్నాయి, నాకు మాత్రం ఆ గీతున్నదే కావాలనిపించింది.

ఆయన ఒక క్షణం ఆలోచించి, "లేదమ్మా, ఇది ఇంట్లో చూపించాలి" అని మళ్లీ అదే మడతల్లో మడిచి జేబులో పెట్టుకున్నారు.