మూడో గడి కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి ఆటోలో ముప్పావుగంట దూరంలో ఉన్న ఊళ్ళో పందొమ్మిదేళ్ళుగా అంగన్‌వాడీ నడుపుతున్నాను. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు. పసిపిల్లల చదువు గురించి ఈ మధ్య చాలామంది రాస్తున్నారు. రోజూ ఆ పిల్లల మధ్య కూర్చునే మనిషిగా నాకు తెలిసింది కూడా చెప్పాలని ఈ ఉత్తరం.

కిందటేడు మాకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. అందులో లెవ్ వైగాట్‌స్కీ అనే సోవియట్ మానసిక శాస్త్రవేత్త గురించి చెప్పారు. 1934లో, ముప్పై ఏడేళ్ళకే క్షయతో చనిపోయారట. పిల్లలు తమకన్నా కాస్త ఎక్కువ తెలిసినవాళ్ళతో మాట్లాడుతూ, కలిసి పని చేస్తూ నేర్చుకుంటారనీ, భాష, లెక్కపెట్టే పద్ధతి వంటివి సమాజం వాళ్ళ చేతికిచ్చే పనిముట్లనీ ఆయన అన్నారు. ఇవాళ ఒకరి సాయంతో చేసింది రేపు సొంతంగా చేస్తారు. అందుకని బిడ్డ ఒంటరిగా ఏం చేయగలడో చూసి ఊరుకోకూడదు, సాయం ఉంటే ఎంతదాకా వెళ్ళగలడో కూడా చూడాలి. ఆ మాట వినగానే మా కేంద్రంలోని ఒక బాబు గుర్తొచ్చాడు.

నాలుగేళ్ళ సవర పిల్లాడు. సవరలు మా వైపు కొండల్లో ఉండే గిరిజనులు, వాళ్ళ భాషనూ సవర అనే అంటారు. వాళ్ళ నాన్న ఇటుక బట్టీలో పనికి కొండమీది ఊరి నుంచి దిగివచ్చాడు. మా కేంద్రంలో చేరాక రెండు నెలలు ఒక్క మాట మాట్లాడలేదు. నేను తెలుగులో అడిగాను, ఒడియాలో అడిగాను. చూస్తాడు, తల దించుకుంటాడు. రిజిస్టర్‌లో అతని పేరు పక్కన ‘మాటలు ఆలస్యం’ అని నా చేత్తోనే రాశాను. ఆ రాత తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఒకరోజు పిల్లలకు చింతపిక్కలు పంచి లెక్కపెట్టమన్నాను. ఈ బాబు మూడు పక్కన పెట్టి ఆగిపోయాడు. అతని పక్కన ఐదేళ్ళు నిండబోతున్న ఒక పిల్ల ఉంది. వాళ్ళదీ సవర కుటుంబమే, కానీ చాలాకాలంగా మా ఊళ్ళో ఉండటం వల్ల తెలుగు బాగా వచ్చు. ఆ పిల్ల ఒక్కో పిక్కనీ అతని వైపు జరుపుతూ ‘అబొయ్, బాగు, యాగి, ఉంజి’ అంటూ మొదలుపెట్టింది. బాబు గొంతు కలిపాడు. ఇద్దరూ పన్నెండు దాకా వెళ్ళారు. అన్నాళ్ళ తర్వాత నేను అతని గొంతు విన్నది ఆరోజే.

ఇంకొక సంగతి తర్వాత ఆ పిల్ల వాళ్ళమ్మ చెప్తే తెలిసింది. సవరలో పన్నెండును మిగెల్ అంటారు. పదమూడు అంటే పన్నెండు మీద ఒకటి, పద్నాలుగు అంటే పన్నెండు మీద రెండు. మనకు పది దగ్గర మలుపు, వాళ్ళకు పన్నెండు దగ్గర. నేను పది దాకా చెప్పి ‘అయిపోయింది’ అనే చోట ఆ పిల్లలకు ఇంకా రెండు మెట్లు మిగిలి ఉన్నాయి. మా ఒక్క గదిలో ఒడియా ఏక దుయి, తెలుగు ఒకటి రెండు, సవర అబొయ్ బాగు, మూడు లెక్కలున్నాయి. సమాజం ఇచ్చే పనిముట్లు అన్నారు కదా, మరి ఇక్కడ ఏ సమాజం? దీనికి శిక్షణలో జవాబు దొరకలేదు.

అసలు ఇబ్బంది నెలాఖరున వచ్చింది. మేం నింపే కార్డులో ఒక్కో పనికీ రెండే గడులు. చేస్తాడు, చేయడు. ఆ బాబు ఒంటరిగా మూడు లెక్కపెడతాడు, స్నేహితురాలు పక్కనుంటే పన్నెండు. కార్డులో ‘పది వరకు లెక్కపెట్టుట’ ఎదురుగా నేనేం రాయాలి? ‘చేయడు’ అని రాశాను, ఎందుకంటే పరీక్షించేటప్పుడు బిడ్డ ఒక్కడే చేయాలని నియమం. శిక్షణలో చెప్పింది ఒకటి, కార్డు అడిగేది ఇంకొకటి. తనిఖీకి వచ్చేవాళ్ళు చూసేది కార్డే.

సాయం అందించి, బిడ్డకు పట్టు దొరకగానే మెల్లగా తప్పుకోవాలని కూడా శిక్షణలో చెప్పారు. మేస్త్రీలు గోడ లేచేదాకా పరంజా కట్టి తర్వాత విప్పేసినట్టు. ఈ పోలిక వైగాట్‌స్కీది కాదు, 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు రాసిన వ్యాసంలోది. పోలిక బాగుంది. కానీ నా దగ్గర మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు ఇరవై ఎనిమిది మంది. ఒక్కొక్కరి గోడ ఒక్కో ఎత్తులో ఉంది. పొద్దున్న సగం సమయం ఫోన్‌లో ఫొటోలు, హాజరు, బరువులు ఎక్కించడానికే పోతుంది. సహాయిక వంట దగ్గర ఉంటుంది. ఒక బిడ్డ పక్కన పది నిమిషాలు స్థిమితంగా కూర్చున్న రోజు నాకు పండగ.

అందుకే ఆ బాబు నాయనమ్మను వారానికి రెండు రోజులు వచ్చి కూర్చోమని పిలిచాను. ఆమె విస్తరాకులు కుడుతూ పిల్లలతో మాట్లాడేది, వాళ్ళు ఆకులు ఏరి ఇచ్చేవాళ్ళు. పెద్దాకు, చిన్నాకు, ఎన్ని పుల్లలు, ఏది ముందు, ఏది తర్వాత, అన్నీ వచ్చేవి. మూడు వారాలు సాగింది. బయటివాళ్ళను లోపల ఎందుకు కూర్చోబెట్టారని పైనుంచి ప్రశ్న వచ్చింది. అంతకన్నా నొప్పి కలిగించింది మావాళ్ళ మాట. ‘టీచరమ్మా, మా వాడికి వాళ్ళ మాటలు అంటుకుంటాయేమో’ అని ఒక తల్లి అంది. ఆ నాయనమ్మ తాకిన గ్లాసు విడిగా పెట్టమన్నారు ఇంకొకరు. పిల్లలు సమాజం నుంచి నేర్చుకుంటారన్నది నిజమే. గ్లాసు విడిగా పెట్టడం కూడా అలాగే నేర్చుకుంటారు. సంస్కృతిని చదువులోకి తేవాలనే పెద్దలు ఈ సంగతి కూడా మాట్లాడాలి. గ్లాసు విడిగా పెట్టలేదు నేను. కానీ నాయనమ్మ రావడం మానేసింది.

తెలుగు పిల్లల సంగతి కూడా చెప్పాలి. మా కేంద్రంలో సగం మంది ఇళ్ళలో తెలుగే. వాళ్ళకొచ్చే బొమ్మల పుస్తకాలన్నీ ఒడియాలో ఉంటాయి. భాషాపరంగా మైనారిటీలైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఏర్పాటు చేయడానికి ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. మా తెలుగు తల్లిదండ్రులు ఈ హక్కు గురించి గట్టిగా మాట్లాడతారు, నేనూ మాట్లాడతాను. మన పిల్లలకు అడిగేది పక్క చాపమీద కూర్చున్న సవర బిడ్డకు కూడా అడగాలి కదా.

గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. సవరలతో కలిసి కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు, వాళ్ళ పిల్లల కోసం సవరలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడి పెట్టారు. పంతులుగారు ఆ బడిలో చేరేనాటికి వైగాట్‌స్కీ పుట్టనే లేదు. ఆగస్టు 29న, పంతులుగారి పుట్టినరోజున, మనం ఆయన ఫొటోకు దండ వేసి తెలుగు గురించి ఉపన్యాసాలిస్తాం, సవర గురించి మాత్రం ఎవరూ ఎత్తరు. అది మా ఊళ్ళోనే జరుగుతోంది కాబట్టి చెప్తున్నాను.

నేను అడిగేవి పెద్ద ఖర్చులు కావు. కార్డులో ‘సాయంతో చేస్తాడు’ అని మూడో గడి పెట్టండి, ఎవరి సాయంతో, ఏ భాషలో అని రాయడానికి ఒక గీత ఇవ్వండి. పిల్లల భాష వచ్చిన ఒక ఆడమనిషిని రోజుకు రెండు గంటలు కూర్చోబెట్టి, పని చేసినందుకు కూలి ఇవ్వండి. మాకు శిక్షణ హాల్లో స్లైడులు చూపించి పంపకుండా, తెలిసినవాళ్ళు ఎవరైనా మా కేంద్రానికి వచ్చి నాలుగు రోజులు నా పక్కన కూర్చోండి. పక్కన ఒకరుంటే పిల్లలు నేర్చుకుంటారని చెప్పిన మీరు మమ్మల్ని ఒంటరిగా ఎందుకు వదిలేస్తారు?

‘మాటలు ఆలస్యం’ అన్న రాత కొట్టేసి ‘సవర మాట్లాడతాడు’ అని రాశాను. బాబు ఇప్పుడు తెలుగులో నీళ్ళు అడుగుతాడు, ఒడియా పాటకు చప్పట్లు కొడతాడు. లెక్క మాత్రం ఆ పిల్ల పక్కనుంటేనే చేస్తాడు. వచ్చే ఏడాది ఆ పిల్ల బడికి వెళ్ళిపోతుంది. తర్వాత అతని పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో నాకింకా తోచలేదు.

ఒక అంగన్‌వాడీ కార్యకర్త,
గజపతి జిల్లా, ఒడిశా