గంజాం పోటగడ కోటను వదిలేశారేం?

సంపాదకులకు,

మన తీరానికి కాపలా కాసిన ఫిరంగుల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. విశాఖలో ఒకప్పుడు తీరాన్ని కాసే ఫిరంగులు పెట్టిన చోటు, కోస్టల్ బ్యాటరీ గురించి బాగానే రాశారు. రోజూ అక్కడ బస్సు దిగేవాళ్ళలో ఆ పేరెందుకొచ్చిందో ఎంతమందికి తెలుసు గనక! కాకపోతే ఉత్తరాన ఇచ్ఛాపురం రాగానే వ్యాసం ఠక్కున ఆగిపోయింది. మా బరంపురం తెలుగువాళ్ళకు ఇది అలవాటే అయినా ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు.

ఇచ్ఛాపురం దగ్గర గీత పడింది 1936 ఏప్రిల్ 1న, ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు. అంతకుముందు శ్రీకాకుళం కూడా గంజాం జిల్లాలోదే. ఆ జిల్లాకు పేరిచ్చిన గంజాం ఊళ్ళోనే, రుషికుల్య ఉత్తరపు గట్టున, నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో పోటగడ కోట ఉంది. ఈస్టిండియా కంపెనీ తరఫున వచ్చిన తొలి రెసిడెంటు, అంటే కంపెనీ ప్రతినిధి, ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ 1768లో దాన్ని కట్టించాడు. ఉత్తర సర్కార్ల మీద, అంటే గంజాం కూడా కలిసిన మన కోస్తా జిల్లాల మీద, కంపెనీకి మొగలు పాదుషా ఫర్మానా వచ్చి అప్పటికి మూడేళ్ళే. చిల్కాకు అవతల ఒడిశా అంతా మరాఠాల చేతిలో ఉంది, 1803 దాకా ఉంది. కాబట్టి ఆ కోట ఒక కన్ను సముద్రం మీద, ఇంకో కన్ను ఉత్తరం మీద వేసి ఉండాల్సిందే.

నేను గోపాల్‌పూర్ పక్కన గోళబందలో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ వాళ్ళ దగ్గర సివిలియన్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. నిమిషానికి 300 గుండ్ల దాకా వదిలే ఎల్-70 విమాన విధ్వంసక గన్నుల మధ్య బతికినవాణ్ణి. అందుకే ఎవరైనా కోట చూపిస్తే ముందు రాజుల కథలు అడగను, ఫిరంగి ఎక్కడ పెట్టేవారు, ఎటు తిప్పేవారు అని చూస్తాను. పోటగడది నక్షత్రం ఆకారం. అది అందం కోసం కాదు. గుండ్రటి బురుజు మొదట్లోకి శత్రువు చేరితే పైనున్నవాడికి కనబడడు. అదే కోణంగా ముందుకు పొడుచుకొచ్చిన బురుజైతే పక్క బురుజు మీది ఫిరంగి ఆ గోడ వెంబడే నేరుగా కాల్చగలదు, నక్కడానికి చోటుండదు. ఇటువంటి కోటలకు గోడలు ఎత్తుగా లేపరు, మందంగా కట్టి వెనక మట్టి దట్టిస్తారు. గుండు మట్టిలో దిగబడి చస్తుంది. ఈ పనితనమంతా ఇప్పుడు తుప్పల మధ్య ఉంది. మూల మీద నిలబడి పక్క బురుజు వైపు చూడాలంటే ముళ్ళకంప చేత్తో తప్పించుకోవాలి. రావి వేళ్ళు ఇటుకల సందుల్లోకి దూరి సున్నం పొడిపొడిగా రాలుతోంది.

ఇంకో మాట. ఆ కాలపు ఫిరంగికి వెయ్యి గజాలు దాటితే గురి నమ్మలేం. ఓడలేమో దూరంగా లంగరేసేవి, ఎందుకంటే ఈ తీరంలో కెరటాలు దాటి గట్టుకు రాగలిగేది మసులా పడవలే. మేకులు లేకుండా, కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టిన పడవలవి. నడిపేది మన వాడబలిజ జాలర్లు. అంటే శత్రువైనా సరే, పెద్ద ఓడ దిగి చిన్న పడవెక్కి, ఆ కెరటాల్లో ఊగుతూ రావాల్సిందే. ఫిరంగికి దొరికేది అప్పుడే. సగం కాపలా సముద్రమే కాసేదని నా లెక్క.

1815లో జ్వరాలు ప్రబలి గంజాం ఊరు పాడుబడింది. సర్కారు కచేరీలు తరలిపోయాయి. తర్వాతి కాలంలో ఓడల వ్యాపారం గోపాల్‌పూర్‌లో సాగింది, ఆ పాత జెట్టీ స్తంభాలు ఇప్పటికీ బీచ్‌లో నిలబడి ఉన్నాయి.

1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద కాల్చిన కథ మీరూ రాశారు, అందరూ రాసేదే. నాకు దానికంటే 1942 ఏప్రిల్ 6 ముఖ్యం. ఆ రోజు జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేశాయని రాసి ఊరుకున్నారు. అదే రోజు ఒడిశా తీరానికి ఎదురుగా జపాన్ క్రూయిజర్ యుద్ధనౌకలు సరుకు ఓడల్ని ముంచిన సంగతి లేదు. ఓడ కోసం ఒడ్డున పెట్టిన గన్ను విమానాన్ని ఏం చేస్తుంది? ఇప్పుడు గోళబందలో గన్నులు ఆకాశం వైపు ఎత్తి ఉండటానికి కారణం వెతికితే ఆ రోజు కూడా తగులుతుంది. సముద్రం వైపు ఫైరింగ్ ప్రాక్టీసు ఉన్న రోజు మా చేపలవాళ్ళకు వేట ఉండదు. కాపలా ఖరీదులో వాళ్ళ వాటా కూడా ఉంది, అదీ ఎవరైనా రాయాలి.

మీ పాఠకులు పూరీకి కార్లలో వెళ్తూ రుషికుల్య వంతెన దాటుతారు. శ్రీకాకుళం నుంచి తారాతారిణి అమ్మవారి గుడికి మొక్కులకు వచ్చేవాళ్ళకు లెక్కే లేదు. కోట వాళ్ళ దారికి పెద్ద దూరమేమీ కాదు. తుప్పలు కొట్టించి, బురుజుల చుట్టూ కాలిబాట వేయించి, ఏ బురుజు ఎటు కాల్చేదో చూపే పటం ఒకటి పెడితే చాలు, టికెట్టు కౌంటరూ లైట్‌షోలూ అక్కర్లేదు. ఇక్కడి అధికారులకు నేను ఒడియాలో అర్జీ పెట్టాను. మీరు తెలుగులో ఒక ఫొటోతో వేస్తే దానికి కొంచెం బలం వస్తుంది. విలేకరిని పంపితే కోటంతా తిప్పి చూపిస్తాను. వానలకు ముందే రమ్మనండి, తర్వాత తుప్పల్లో అడుగు పెట్టలేం, పాములు.

— ఒక విశ్రాంత ఫిట్టర్, బరంపురం, గంజాం జిల్లా