బొబ్బిలి స్తంభం దగ్గర మా అమ్మాయి అడిగిన ప్రశ్న

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మొన్న సెలవు రోజున ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని బొబ్బిలి యుద్ధస్తంభం చూడటానికి వెళ్లాం. పొద్దున బయలుదేరి చీకటిపడే వేళకు ఇల్లు చేరాం. ఆ ఒక్క పూటలో మా అమ్మాయి అడిగిన దానికి సరైన జవాబు చెప్పలేక మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

అబ్బాయికి ఆరేళ్లు. లేని గుర్రమెక్కి స్తంభం చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయాడు. వాడితో పేచీ లేదు. అమ్మాయికి పదేళ్లు. "కోట ఏదమ్మా?" అంది. ఆనాటిది మట్టికోట, యుద్ధంలోనే పోయిందని చెప్పి, పుల్లతో నేల మీద ఒక చదరం గీశాను. నాలుగు మూలలా నాలుగు సున్నాలు, అవి బురుజులు. బయట ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, ఆయన పక్కన విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు. లోపల బొబ్బిలి రాజు రంగారావు. ఊరు వదిలి వేరేచోటికి పొమ్మంటే ఆయన ససేమిరా అన్నాడు. 1757 జనవరి 24న ఫిరంగులు పేలాయి.

"అయితే రెండు వైపులా మనవాళ్లేనా?" అంది. అవునన్నాను.

"కోటలో పిల్లలు లేరా?"

పుల్ల నా చేతిలో ఆగిపోయింది. ఉన్నారు. ఓటమి తప్పదని తేలాక, శత్రువు చేతికి చిక్కకూడదని ఆడవాళ్లనూ పిల్లలనూ సొంతవాళ్లే చంపేశారు. మనం ఈ ఘట్టాన్ని పౌరుషమన్న ఒక్క మాటతో దాటేసి, తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలో దూరి విజయరామరాజును పొడిచిన చోట గొంతు పెంచుతాం. చిన్నప్పుడు నేనూ అక్కడే చప్పట్లు కొట్టాను. పాపారాయుడి తెగువను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ పక్కన కూతురు నిలబడి ఉంటే అదే కథ నోట రాలేదు.

ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాసిన వృత్తాంతంలో ఇంకొకరున్నారు. ఆ మారణకాండ మధ్యలో ఒక ముసలాయన చిన్న పిల్లవాణ్ని తీసుకొచ్చి లా అనే ఫ్రెంచి అధికారి చేతిలో పెట్టాడు. రంగారావు కొడుకు ఇతడేననీ, తండ్రి ఆజ్ఞకు విరుద్ధంగా కాపాడాననీ చెప్పాడు. బొబ్బిలి వంశం నిలిచిందంటే ఆ పిల్లవాడి వల్లే. 1891లో ఆ స్తంభాన్ని నిలబెట్టించిందీ ఆ సంస్థాన ప్రభువే. అంటే రాజాజ్ఞను కాదన్న ఒక ముసలివాడు లేకపోతే మా పిల్లలు చూసిన రాయి కూడా ఉండేది కాదేమో! ఇది చెప్పాక మా అమ్మాయి చదరం లోంచి బయటికి ఒక గీత గీసి, "ఇటునుంచి వచ్చి ఉంటాడు" అంది.

అందుకే నా విన్నపం. స్తంభం దగ్గర పిల్లల కోసమే ఒక బోర్డు పెట్టించండి. సరళమైన తెలుగులో రాయించండి. ఆ మట్టికోట బొమ్మ, ఫిరంగులు ఎటునుంచి పేలాయో తెలిపే పటం ఉండాలి. లోపల చనిపోయిన ఆడవాళ్లనూ పిల్లలనూ దాచకుండా చెప్పాలి. పాపారాయుడి పేరుతో పాటు ఆ ముసలాయనకూ రెండు వాక్యాలు కేటాయించాలి. రాసే పని చరిత్ర బోధించే ఉపాధ్యాయులకు అప్పగిస్తే మేలు. శిలాశాసనంలాంటి భాష మాత్రం వద్దు.

ఇంకొకటి, మా అమ్మాయి కలపమన్న మాట: బోర్డు తన తల ఎత్తుకు మించకూడదట.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి