బుజ్జికి, ఆవకాయ సీసాతో పాటు

గాజువాక,
ఆదివారం మధ్యాహ్నం

బుజ్జీ,

ఎలా ఉన్నావు నాన్నా? శీను రేపు పొద్దున్నే మధురవాడ వస్తున్నాడు, వాడి చేత ఆవకాయ సీసా పంపుతున్నాను. ఫోన్ చేస్తే నువ్వు తీయడం లేదు. మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడుతున్నాయి గానీ జవాబు రావడం లేదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. అన్నం తిన్నాక తీరిగ్గా చదువు.

ఈసారి కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయలు దొరికాయి. ముక్క గట్టిగా ఉంది, ఏడాది నిలవుంటుంది. మీ నాన్న ఎప్పట్లాగే ఉప్పెక్కువైందన్నారు, మూడో రోజు తిరగ కలిపాక సరిపోయింది. కింద వాటా వాళ్లు ఖాళీ చేశారు, ఇంకా ఎవరూ దిగలేదు. సింహాచలం చందనోత్సవానికి రాత్రే వెళ్లి లైన్లో నిలబడ్డాం. నువ్వొస్తావేమోనని నీ పంచె ఇస్త్రీ చేయించి ఉంచాను. సరేలే, ఆఫీసులో పని పడి ఉంటుంది.

పోయిన మంగళవారం రమణ పిన్ని ఆశీలుమెట్టలో సంపత్ వినాయకుడి గుడి దగ్గర నిన్ను చూసిందట. ఎవరో కొత్త బండికి పూజ చేయిస్తున్నారట, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారట, ఆ పక్కనే నువ్వున్నావట. "చాలా పెద్ద బండే అక్కా" అంది. శీనుని అడిగితే ముందు నాకేం తెలీదన్నాడు. కాసేపటికి డ్యూక్ 390 అన్నాడు. ఇంకాసేపటికి అది రూంమేట్‌ది అన్నాడు. నేను మళ్లీ అడగలేదు. నీదైతే నీదేనని చెప్పు, కోప్పడను.

అమ్మకి బండ్ల సంగతేం తెలుసనుకోకు. ఇరవై రెండేళ్లు మీ నాన్న షెడ్డులో బిల్లులు రాశాను. చైన్ కిట్ అరిగి వచ్చినవి, హ్యాండిల్ తిరిగేచోటి కోన్ సెట్ పోయి వచ్చినవి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులు వంగి వచ్చినవి అన్నీ చూశాను. ఫోర్కులు వంగిన బండిని ఎప్పుడూ నడిపినవాళ్లు తీసుకురారు, వాళ్ల అన్నో నాన్నో తోసుకుంటూ తెస్తారు. ఆ బిల్లు రాస్తూ "మనిషెలా ఉన్నాడండీ" అని అడగాలంటే నాకు నోరు వచ్చేది కాదు.

నువ్వు ఆరడుగుల మీద అంగుళం, 115 కిలోలు, నీకు పెద్ద ఇంజనే కావాలని నీ స్నేహితులు చెప్పి ఉంటారు. నీకు కావలసింది చోటు నాన్నా. నడుం వెనక్కి జరుపుకోవడానికి సీటు మీద చోటుండాలి. మోకాళ్లు ట్యాంకుకి ఆనుకోవాలి, హ్యాండిల్ పూర్తిగా తిప్పినా వాటికి తగలకూడదు. అది షోరూంలో పది నిమిషాలు కూర్చుంటే తెలిసిపోతుంది. ఇంజన్ సంగతి వేరు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి ఉన్నది 20 హార్స్‌పవరే, అది ఇద్దరు మనుషుల్ని హాయిగా లాగుతుంది. ఆ 390కి 40 దాటి ఉంటుంది. కొత్తలో చెయ్యి తడబడుతుంది, గుంతలో పడ్డప్పుడు తెలియకుండానే యాక్సిలరేటర్ తిరిగిపోతుంది. అప్పుడు ఆ నలభై ఏం చేస్తుందో ఆలోచించు.

అలాగని 350 కూడా తేలిక బండి కాదు. క్లాసిక్ 195 కిలోలు, అదే కంపెనీ హంటర్ 350 అయితే 181. నడుస్తున్నంతసేపూ ఆ బరువు తెలీదు. ఆపినప్పుడు, యూటర్న్ తీసుకునేటప్పుడు, వాలులో కాలు పెట్టినప్పుడు తెలుస్తుంది. మీ పెదమావయ్యకి అలాగే తెలిసింది. నీకు ఆ కథ సగమే చెప్పి ఉంటారు.

1998లో మాట. మావయ్య అచ్చం నీలాగే ఉండేవాడు, అదే పొడుగు, అవే భుజాలు. పోర్టులో ఉద్యోగం వచ్చిన కొత్త. నీలాంటివాడికి బుల్లెట్టే బాగుంటుందని అందరూ అంటే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అప్పటి బుల్లెట్టుకి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. బరువు 160 కిలోల పైమాటే. మూడు సాయంత్రాలు గ్రౌండులో తిప్పి, నాలుగో రోజు అత్తయ్యని ఎక్కించుకుని సింహాచలం కొండకి బయల్దేరాడు. ఇంకో నెల ఆగమని మీ నాన్న ఎంత చెప్పినా వినలేదు. ఎక్కేటప్పుడు బాగానే ఎక్కాడు. దర్శనమైంది, ప్రసాదం కొన్నారు. దిగుతుంటే మలుపులో బస్సు ఎదురొచ్చింది. పక్కకి తీసి ఆపి కాలు పెట్టాడు. ఆ పక్క నేల పల్లం. నాలుగంగుళాలు కిందికి దిగితే గానీ కాలికి నేల తగల్లేదు, తగిలినచోట కూడా గులకరాళ్లే. బండి ఒరిగింది. ఒంట్లో బలముంది కదా, పట్టి నిలబెట్టేద్దాం అనుకున్నాడు. బండి కొంచెం ఒరిగినప్పుడైతే ఎవరైనా ఆపగలరు, ఇంకొంచెం ఒరిగిందంటే ఇక ఎవరి వల్లా కాదు. వదిలేసి తప్పుకోవాలి. మావయ్య వదల్లేదు. చీలమండ మీద పడింది. అత్తయ్య ప్రసాదం కవరుతో సహా రోడ్డు మీద పడింది. సైలెన్సర్ తగిలి కాలిన మచ్చ ఆమె పిక్క మీద ఇప్పటికీ ఉంది, అరచేతి వెడల్పున, చుట్టూ నల్లగా మధ్యలో తెల్లగా. ఎప్పుడైనా చీర కుచ్చిళ్లు ఎత్తి కాళ్లు కడుక్కుంటుంటే నా కళ్లు అటే పోతాయి.

ఆరు వారాలు సిమెంటు కట్టుతో ఉన్నాడు. కట్టు విప్పాక మీ నాన్న షెడ్డులో ఉన్న పాత సీడీ 100 ఇచ్చారు. అంత చిన్న బండి మీద తను ఎలా కనిపిస్తానోనని మావయ్యకి మొదట సిగ్గు. నాన్న పట్టు వదల్లేదు. ఖాళీ స్థలంలో ఇటుకలు పేర్చి, సగం క్లచ్ మీద వాటి మధ్య నుంచి మెల్లగా తిప్పించేవారు. ఆపడం, కాలు పెట్టే ముందు నేల చూసుకోవడం, మళ్లీ కదలడం. నాలుగు నెలలు ఇదే పని. ఆ తర్వాత అదే బుల్లెట్టు పదకొండేళ్లు నడిపాడు. దానికి గీత కూడా పడలేదు.

బండి ఎవరిదైనా ఒక్కటి మాత్రం మర్చిపోకు. నువ్వు ఎక్కే ముందు వెనక షాక్ అబ్జార్బర్లు బిగించుకోవాలి. వాటి స్ప్రింగులకి మెట్లుంటాయి, స్పానర్‌తో ఒక్కో మెట్టు తిప్పుతారు. వదులుగా వదిలేస్తే వెనక భాగం కుంగి ముందు చక్రం తేలిపోతుంది, పట్టు తగ్గుతుంది. రాత్రిపూట హెడ్‌లైటు రోడ్డు మీద పడదు, ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. టైరుకి గాలి ఎంతుండాలో చైన్ కవర్ దగ్గర స్టిక్కరు మీద రాసి ఉంటుంది, నువ్వు ఇద్దరు ఎక్కినప్పటి లెక్క చూసుకో. ఎంత బరువు మోస్తుందో మాన్యువల్‌లో ఉంటుంది, ఎవరినైనా వెనక ఎక్కించుకునే ముందు అది చదువు. ఇదంతా స్ప్రింగు గురించి చెబుతున్నాను బుజ్జీ. నీ ఒంటి గురించి కాదు.

ఉగాది నాడు నేనన్న మాట నాకు గుర్తుంది. విస్తళ్ల ముందు అందరూ ఉండగా నువ్వు బండి మాటెత్తావు. "నీ ఒంటికి ఏ బండి ఆగుతుందిరా, ముందు ఒళ్లు తగ్గించు" అన్నాను. పిన్ని పిల్లలు నవ్వారు. నువ్వు సగం బొబ్బట్టు వదిలేసి లేచావు. నాకున్నది భయం, కానీ నేనన్నది నీ ఒంటిని. అలా అనకూడదు. స్కూల్ యూనిఫాం నీ కొలతకి దొరక్క టైలర్ దగ్గర కుట్టించిన ప్రతి జూన్‌లోనూ నువ్వెంత చిన్నబుచ్చుకునేవాడివో చూసినదాన్ని నేనే. ఈ ఆరు వారాల్లో నాకు బొబ్బట్టు చేయబుద్ధి కాలేదు.

రాత్రుళ్లు బయట తింటున్నావా, వండుకుంటున్నావా? పెరుగు తప్పకుండా వేసుకో, ఎండలు మండిపోతున్నాయి.

నీకున్న లైసెన్సు గేర్ లేని బండిదని గుర్తుందా? గేర్ బండికి మళ్లీ ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవాలి, 30 రోజులయ్యాకే టెస్టు. హెల్మెట్ రోడ్డు పక్కన కొనకు, ఐఎస్ఐ గుర్తు చూడు. కనుబొమ్మల పై నుంచి తల చుట్టూ టేపుతో కొలుచుకుని ఆ కొలత ప్రకారం తీసుకో. బుగ్గలు కొంచెం నొక్కినట్టుండాలి. చీలమండ కప్పే బూట్లు వేసుకో, చెప్పులతో ఎక్కావంటే నాకు తెలిసిపోతుంది. రుషికొండ దగ్గర మలుపుల్లో రోడ్డు మీదికి ఇసుక కొట్టుకొస్తుంది, దాని మీద ముందు బ్రేకు పట్టకు. షీలానగర్‌లో పోర్టు రోడ్డు నుంచి వచ్చే కంటైనర్ లారీల పక్కన అస్సలు వెళ్లకు, డ్రైవరుకి నువ్వు కనపడవు. సముద్రపు గాలికి చైన్ తొందరగా తుప్పు పడుతుంది, 500 కిలోమీటర్లకోసారి ఆయిల్ వెయ్యి.

ఇంకొకటి. నాన్న చెప్పొద్దన్నారు గానీ చెబుతున్నాను. షెడ్డులో మూల పడి ఉన్న పాత పల్సర్ 150 గుర్తుందా? 145 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. ఉగాది అయిన వారం నుంచి రోజూ షెడ్డు మూసేశాక దాని దగ్గరే కూర్చుంటున్నారు. క్లచ్ ప్లేట్లు, ముందు డిస్క్ ప్యాడ్లు, వెనక షాక్ అబ్జార్బర్లు అన్నీ కొత్తవి వేశారు. నీ కాళ్ల పొడుగుకి సీటు చాలదని అంగుళంన్నర ఫోమ్ వేయించి కుట్టించారు. మొన్న రాత్రి తను ముందు కూర్చుని, షెడ్డులో కుర్రాణ్ని వెనక కూర్చోబెట్టుకుని కిందికీ పైకీ ఊపి చూశారు. నాన్న 64, వాడు 51, కలిపితే నీ లెక్క సరిపోయింది. అయినా స్ప్రింగులు ఒక మెట్టు వదిలే ఉంచారు. "వాడొచ్చి కూర్చున్నాక చూసి బిగిద్దాం" అన్నారు.

రెండు నెలలు దాని మీద తిరుగు. ఆ తర్వాత నువ్వు 350 కొంటానంటే షోరూంకి నేనూ వస్తాను.

ఆవకాయలో తడి గరిటె పెట్టకు. పైన నూనె తగ్గితే శీనుకి చెప్పు, పంపుతాను. సీసా మాత్రం వాడి చేత పంపించకు, నువ్వు వచ్చేటప్పుడు తీసుకురా. బస్సులోనే రా.

అమ్మ