మీ పత్రికలో ఎవరూ చదవని పేజీ

సంపాదకుడి గారికి,

నమస్కారం. మాంద్యం ముంచుకొస్తోందా అంటూ మీ వ్యాపారం పేజీలో ఈమధ్య వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. సెన్సెక్స్ గీత ఉంది, అమెరికా బాండ్ల రాబడి ఉంది, రూపాయి మారకం ఉంది. తప్పు పట్టడానికేమీ లేదు. అదే రోజు నాలుగు పేజీలు తిప్పితే, చీమల బారులాంటి అక్షరాలతో సగం పేజీ నిండా బంగారు నగల వేలం ప్రకటన ఉంది. ఖాతా నంబరు, పేరు, ఊరు. మళ్లీ ఖాతా నంబరు, పేరు, ఊరు. బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసి, అందులో సగం కాలం బంగారం తాకట్టు కౌంటరు పక్కనే కూర్చున్నవాణ్ని కనుక నా కళ్లు అక్కడే ఆగాయి. రాబోయే కష్టకాలం గురించి మీ వ్యాసంలో కంటే ఆ ప్రకటనలోనే ఎక్కువ కబురు ఉందని నాకు అనిపించింది.

నిపుణుల సూచికలను నేను తీసిపారేయడం లేదు. కాకపోతే వాటి గత చరిత్ర కూడా పాఠకుడికి చెప్పాలి. అమెరికాలో మాంద్యం ఎప్పుడు మొదలైందో తేల్చి చెప్పేది నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనమిక్ రీసెర్చ్ అనే సంస్థ. 2007 డిసెంబరులోనే మాంద్యం మొదలైందని వాళ్లు ప్రకటించింది 2008 డిసెంబరు 1న. అప్పటికి లేమన్ బ్రదర్స్ అనే అక్కడి పెద్ద పెట్టుబడి బ్యాంకు కూలి రెండున్నర నెలలైంది. మా వీధిలో ఒకరి అబ్బాయి ఉద్యోగం పోయి, డాలస్ నుంచి పెట్టె సర్దుకుని వచ్చేశాడు కూడా. ఇక బాండ్ల సంగతి. అమెరికా ప్రభుత్వ పదేళ్ల బాండు రాబడి రెండేళ్ల బాండు రాబడి కంటే తగ్గితే మాంద్యం దగ్గరపడినట్లేనని అక్కడి అనుభవం. 2022 జులై నుంచి రెండేళ్లకు పైగా ఆ తలకిందుల వరసే నడిచింది, అన్నాళ్లూ అందరూ ఎదురుచూశారు, మాంద్యం మాత్రం రాలేదు. 2024 ఆగస్టులో నిరుద్యోగం లెక్కను బట్టి మాంద్యాన్ని పసిగట్టే సామ్ సూత్రం కూడా గంట కొట్టింది. ఆ మరుసటి సోమవారం జపాన్ షేర్ల సూచిక నిక్కీ ఒక్కరోజులో 12 శాతానికి పైగా పడింది. గంట ఆగిపోయింది, అమెరికా నడుస్తూనే ఉంది. (బాండ్లలాంటి తలకిందుల వరసే మన బ్యాంకుల గోడల మీద కూడా, 444 రోజుల డిపాజిట్‌కు అయిదేళ్ల డిపాజిట్ కంటే ఎక్కువ వడ్డీ రాసి ఉండటం చూశాం. అది చూసి గుండెలు బాదుకున్నవారెవరూ నాకు తెలియదు.)

మన లెక్కలు కూడా తీరిగ్గానే వస్తాయి. మూడు నెలల జీడీపీ అంకె చేతికి రావడానికి మరో రెండు నెలలు పడుతుంది. వచ్చాక కూడా నిలకడగా ఉండదు. 2020-21లో ఆర్థిక వ్యవస్థ 7.3 శాతం కుంచించుకుపోయిందని మొదట అన్నారు, తర్వాత 6.6 అన్నారు, ఆ తర్వాత 5.8 అన్నారు. సవరించడం తప్పు కాదు, అది వాళ్ల వృత్తిధర్మం. ఇంటి బడ్జెట్ వేసుకునేవాడికి మాత్రం ఆ అంకె నిరుడు కురిసిన వాన లెక్కలాంటిది.

కౌంటరు దగ్గర ఏం కనిపిస్తుందో చెబుతాను. ఏటా శ్రావణమాసం ముందు మా శాఖలో నగలు విడిపించుకునేవారి వరస మెట్ల దాకా ఉండేది. వరలక్ష్మీ వ్రతం నాటికి మెడ బోసిగా ఉండకూడదని ఎక్కడో ఒకచోట చేబదులు తెచ్చి అయినా విడిపించుకునేవారు. 2019 శ్రావణంలో ఆ వరస లేదు. వచ్చినవారిలో ఎక్కువమంది వడ్డీ మాత్రం కట్టి, అప్పు తిరగరాయించుకుని వెళ్లారు. నగల నాణ్యత చూసే మా అప్రైజరు గీటురాయి మీద గీస్తూ, తల ఎత్తకుండానే, "సార్, ఈ నెల చంటిపిల్లల మురుగులు, ఉంగరాలు వస్తున్నాయి" అన్నాడు. ఆ మాట పైకి చిన్నదే. కుటుంబాలు నగలు తాకట్టు పెట్టేందుకు ఒక వరస ఉంటుంది. ముందు గాజులు, తర్వాత గొలుసు, తర్వాత చెవి కమ్మలు. అర కాసు కూడా తూగని పిల్లల నగ బల్ల మీదికి వచ్చిందంటే బీరువాలో ఇంకేమీ మిగల్లేదని అర్థం.

ఆ రోజుల్లోనే ఇడ్లీ బండి నడిపే ఒకావిడ వచ్చింది. పుస్తెలతాడు మెడలోంచి తీసి, కౌంటరు అంచు మీదే పుస్తెలు రెండూ విడదీసి, కొంగుముడి విప్పి పసుపుతాడు బయటికి తీసింది. పుస్తెలు దానికి గుచ్చి మెడలో వేసుకుని, బంగారు తాడు నా ముందు పెట్టింది. ఆ తాడు ఇంటి దగ్గరే పసుపు రాసి సిద్ధం చేసుకొచ్చింది. అంటే నిర్ణయం రాత్రే జరిగిపోయింది. "ఎందుకమ్మా?" అని అడిగాను, దరఖాస్తులో కారణం రాయాలి కదా. "సాయంత్రం బండి తీయడం లేదండీ, పొద్దున మాత్రమే. మేస్త్రీలూ కూలీలూ రావడం లేదు" అంది. దరఖాస్తులో ఇంటి ఖర్చులని రాశాను. ఏప్రిల్–జూన్ వృద్ధి 5 శాతానికి పడిపోయిందన్న అంకె ఆగస్టు 30న గానీ రాలేదు.

అయితే తాకట్టు అప్పులు పెరగడాన్నే ప్రమాద ఘంటగా చదివితే పప్పులో కాలేసినట్లే. 2025లో బ్యాంకుల బంగారు రుణాలు ఏడాదిలో రెట్టింపు దాటాయి. అందులో ధర వాటా పెద్దది. పది గ్రాములు లక్ష రూపాయలు దాటాక, అదే గొలుసు మీద నిరుటికంటే ఎక్కువ డబ్బు వస్తుంది. 2023 నవంబరులో రిజర్వు బ్యాంకు హామీ లేని వ్యక్తిగత రుణాలను బిగించింది, అలా దారి మూసుకున్నవారు కొందరు బంగారం వైపు తిరిగారు. వ్యవసాయం పేరిట రాసిన బంగారు అప్పులను బంగారు రుణాల ఖాతా కిందికి మార్చడం కూడా జరిగింది, దాంతో లెక్కలో అంకె ఉబ్బింది. ఎకరం నేల లేనివారు తక్కువ వడ్డీ కోసం రైతులైపోయిన కథలు నా దగ్గర చాలా ఉన్నాయి, అవి మరో ఉత్తరానికి. చూడాల్సింది ఎంతమంది పెట్టారన్నది కాదు, ఎంతమంది విడిపించుకున్నారన్నది.

ఈ నా సూత్రం కూడా ఒకసారి నన్ను మోసం చేసింది. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయిన వారంలో మా కౌంటరు దగ్గర జాతర. పాత నోట్ల కట్టలు తెచ్చి నగలు విడిపించుకున్నారు. నెలాఖరు నివేదికలో వసూళ్లు భేషుగ్గా కనిపించాయి, పై కార్యాలయం అభినందించింది కూడా. ఊళ్లో మాత్రం కూలి ఇవ్వడానికి చిల్లర లేక పనులు ఆగిపోయాయి. ఏ సూచికనైనా పక్కన ఏం జరుగుతోందో చూసి చదవాలని నాకు అప్పుడే తెలిసొచ్చింది.

ఇక మీ పత్రికలోని వేలం ప్రకటనల దగ్గరికి వస్తాను. అవి మీకు ఊరికే రావడం లేదు. బంగారం మీద అప్పిచ్చే ఫైనాన్స్ కంపెనీలు వేలానికి ముందు రెండు పత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో, ప్రకటన ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. అంటే తెలుగునాట ఆ కంపెనీల్లో ఏ నగ వేలానికి పోయినా దాని జాడ ఏదో ఒక తెలుగు పత్రికలో పడాల్సిందే. జీడీపీకి లేని సౌకర్యం ఇది. సవరణలు ఉండవు.

వేలం ఆలస్యంగా వచ్చే గుర్తు కదా, అప్పు తీసుకున్న ఏడాదికి గానీ రాదు కదా అని మీ వ్యాపార విలేకరి అడగవచ్చు. సరైన ప్రశ్నే. పైగా బంగారం ధర ఎక్కుతున్నంతకాలం ఎవరి ఇబ్బందీ బయటపడదు. కాస్త వడ్డీ కట్టి, పెరిగిన విలువ మీద అప్పు తిరగరాసుకుని, ఆ పై డబ్బుతో నెట్టుకొస్తారు. 2013 ఏప్రిల్‌లో ధర ఒక్కసారిగా జారినప్పుడు, అంతవరకు నవ్వుతూ తిరిగిన బంగారు రుణ కంపెనీలకు చెమటలు పట్టాయి. కాబట్టి ధర ఎక్కే రోజుల్లో వేలం పేజీ పలచబడితే సంతోషించాల్సిన పనిలేదు.

నన్ను ఈ ఉత్తరం రాయించింది దీనికి తిరగేసిన సంగతి. ధర ఇంత పెరిగాక ఎవరైనా నగను వేలానికి ఎందుకు వదులుకుంటారు? ఏడాది కిందట తెచ్చిన అప్పు కంటే ఇప్పుడు నగ విలువ చాలా ఎక్కువ. కాస్త వడ్డీ కట్టి తిరగరాయించుకుంటే చేతికి డబ్బు కూడా వస్తుంది. ఆ కాస్త వడ్డీ కూడా పుట్టనివారు, లేదా నోటీసు అందే చిరునామాలో లేకుండా పనులు వెతుక్కుంటూ వలస పోయినవారు మాత్రమే ఆ జాబితాలో మిగులుతారు. ధర ఆకాశంలో ఉండగా కూడా ఆ జాబితా సగం పేజీ ఉందంటే, అది సెన్సెక్స్ వెయ్యి పాయింట్లు పడటం కంటే పెద్ద వార్త అని నా అభిప్రాయం.

మీరు చేయగలిగినది ఒకటుంది. భీమవరం వైపు రొయ్యల కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) ధరలు, సిరిసిల్లలో ఆగిన సాంచాలు (మరమగ్గాలు), గుంటూరు శీతల గిడ్డంగుల్లో కదలని మిర్చి టిక్కీలు (బస్తాలు), వీటి మీద మీ విలేకరులు విడివిడిగా రాస్తూనే ఉన్నారు. వాటిని నెలకోసారి ఒకచోట చేర్చండి. వాటికి తోడు, మీ ప్రకటనల విభాగం వేలం ప్రకటనలకు సెంటీమీటర్ల లెక్కన బిల్లు వేస్తుంది కదా. గత మూడేళ్ల బిల్లులు తీసి, నెలవారీగా, జిల్లా ఎడిషన్ల వారీగా సెంటీమీటర్లు కూడించండి. పక్కనే ఆ నెల బంగారం ధర వేయండి. ఆర్థికవేత్త అక్కర్లేదు, లెక్కల గుమాస్తా ఒక మధ్యాహ్నం కూర్చుంటే చాలు. ఆ పట్టికను వ్యాపారం పేజీలో కాకుండా వేలం ప్రకటన పక్కనే వేస్తే నాకు వెతుక్కునే పని తప్పుతుంది.

ఇట్లు,
విశ్రాంత బ్యాంకు మేనేజరు,
తెనాలి