నది కమిటీ వార్షిక నివేదిక 2024-25 (జనరల్ బాడీ మీటింగ్ కోసం)

సభ్యులందరికీ నమస్కారం. రూల్స్ ప్రకారం ప్రతి కమిటీ సెక్రటరీ రెండు పేజీలు రాసివ్వాలి కాబట్టి రాస్తున్నా. సంక్రాంతి కమిటీ రిపోర్ట్‌లో ఉన్నన్ని ఫోటోలు ఇందులో ఉండవు, ఉన్నవాటిల్లో కూడా చాలావరకు బురద బూట్లే. న్యూజెర్సీలో మన తెలుగువాళ్ల అసోసియేషన్‌కి ఈ నది కమిటీ ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలుసు, అది వదిలేస్తున్నా.

ముందు ఏప్రిల్ క్లీనప్ గురించి. మిల్‌స్టోన్ నది ఒడ్డున, పాత వెస్టన్ మిల్ డ్యామ్ ఉండిన చోట చేశాం. ఈ ఏడాది న్యూజెర్సీకి కొత్తగా వచ్చిన ఫ్యామిలీలు చాలా మంది ఉన్నారు కదా, వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తా. ఆ డ్యామ్ ఎత్తు అయిదున్నర అడుగులే, మిల్లు ఎప్పుడో మూతపడింది, గోడ మాత్రం నదికి అడ్డంగా అలాగే ఉండిపోయింది. షాడ్ అంటే మన పులసలా గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి ఎదురెక్కే చేప, కానీ సాల్మన్‌లా ఎగరలేదు, అందుకని దానికి అయిదడుగుల గోడైనా యాభై అడుగుల గోడైనా ఒకటే. 2017 ఆగస్టులో గోడ తీసేశారు, రెండు నెలలు కూడా తిరక్కుండానే పది మైళ్ల ఎగువన ప్రిన్స్‌టన్‌లో కార్నెగీ లేక్ డ్యామ్ కింద షాడ్ కనపడింది, 1845 తర్వాత అక్కడ అదే మొదటిసారి. నూట డెబ్బై ఏళ్లకు పైగా మూసున్న దారి, తెరిచాక రెండు నెలలు! అంతకుముందే, మిల్‌స్టోన్ వెళ్లి కలిసే రారిటాన్ నది మీద 2011లో కాల్కో, 2012లో రాబర్ట్ స్ట్రీట్, 2013లో నీవియస్ స్ట్రీట్ డ్యామ్‌లు వరసగా తీసేశారు, దానికి డబ్బు పాత కాలుష్యం కేసు సెటిల్‌మెంట్ నుంచి వచ్చింది. ఐలాండ్ ఫార్మ్ వియర్ (నదికి అడ్డంగా కట్టిన చిన్న గోడ) ఒక్కటి మాత్రం తాగునీళ్ల ప్లాంట్‌కి కావాలి కాబట్టి ఉంచారు, చేపలు ఎక్కి వెళ్లడానికి పక్కన ల్యాడర్, అంటే మెట్ల దారి, కట్టారు.

క్లీనప్‌కి వస్తామని వాట్సాప్‌లో థంబ్స్‌అప్‌లు పెట్టినవాళ్లు యాభై మందికి పైనే, పొద్దున ఎనిమిదింటికి అక్కడున్నది పదకొండు మంది, అందులో నలుగురు హైస్కూల్ పిల్లలు, వాళ్లకి కాలేజీ అప్లికేషన్‌లో వాలంటీర్ అవర్స్ కావాలి. పోనీ అలాగైనా వచ్చారు, వాళ్లే టైర్లు లాగారు. 2021లో ఐడా తుఫాను వరదకి కొట్టుకొచ్చి ఇసకలో పాతుకుపోయిన ప్లాస్టిక్ ఇంకా తవ్వినకొద్దీ వస్తూనే ఉంది. పర్మిషన్ లెటర్ సంగతి రాయాలంటే ఇంకో రెండు పేజీలు కావాలి. ఆఫీసు పేరు రాయను, ఫోన్ చేస్తే ఈమెయిల్ చెయ్యమంటారు, ఈమెయిల్ చేస్తే ఫారమ్ మారింది అంటారు, చివరికి లెటర్ శుక్రవారం సాయంత్రం వచ్చింది, క్లీనప్ శనివారం.

ఇంక ఈ ఏడాది మన కమిటీ గర్వంగా చెప్పుకునేది డెలావేర్ నది ఒడ్డునున్న లాంబర్ట్‌విల్ ఊరికి వేసిన ట్రిప్. డెలావేర్ నది మెయిన్ స్ట్రీమ్‌కి 330 మైళ్ల పొడవునా ఎక్కడా డ్యామ్ లేదు, అందుకే అక్కడ షాడ్ ఇప్పటికీ వస్తుంది. లూయిస్ ఫిషరీ వాళ్లు 1888 నుంచీ అక్కడ వల లాగుతున్నారు. పడవలో వెళ్లి వల గుండ్రంగా వేసుకుంటూ వస్తారు, ఒడ్డున ఉన్నవాళ్లు తాడు పట్టుకుని కిందికి నడుస్తారు, అచ్చం మన అలివి వలే. పిల్లల్ని కూడా తాడు పట్టుకోనిచ్చారు, ఎవడూ ఫోన్ తియ్యలేదు, ఇది నేను రికార్డు కోసం రాస్తున్నా. ఒక మెంబర్ వాళ్లమ్మగారు నరసాపురం నుంచి వచ్చి ఉన్నారు, ఆవిడ షాడ్‌ని చేతిలోకి తీసుకుని, పొలుసు గోటితో గీరి చూసి, పొట్ట నొక్కి “జన (గుడ్లు) ఉందమ్మా, పులస చెల్లెలే ఇది” అన్నారు. ముళ్లు కూడా అంతే ఉంటాయని చెబితే నవ్వేశారు. పులస సామెత బస్‌లో తిరుగు ప్రయాణం అంతా నడిచింది, మళ్లీ ఇక్కడ రాయను.

పోయిన మీటింగ్‌లో ఒకరు అడిగారు, ఇక్కడ తీసేసినట్టు ధవళేశ్వరం కూడా తీసెయ్యమంటారా అని. బాబూ, ఎవరూ అనట్లేదు. 1852లో కాటన్ గారి ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ డెల్టా అంతా ఆ కాలవల మీదే బతుకుతోంది, పులస వరదకి ఎదురెక్కి వచ్చి అక్కడ ఆగిపోతోంది, రెండూ నిజమే. ఇక్కడ తీసేసినవి ఎవరికీ పనికిరాని గోడలు. వేరేచోట పెద్ద డ్యామ్‌లు కూడా తీస్తున్నారు, కాలిఫోర్నియా ఒరెగాన్ బోర్డర్‌లో క్లామత్ నది మీద నాలుగు డ్యామ్‌లు 2024 అక్టోబర్ కల్లా తీసేస్తే అదే నెలలో సాల్మన్ పైకి వెళ్లిపోయింది. ఇంకోటి, రారిటాన్‌లో గాని మిల్‌స్టోన్‌లో గాని షాడ్ పడితే వదిలెయ్యాలి, ఇంటికి తేకూడదు, పులుసు ప్లాన్‌లు ఉన్నవాళ్లు గమనించగలరు.

లెక్కలు ట్రెజరర్ గారి షీట్‌లో ఉన్నాయి. బస్ ఖర్చు అనుకున్నదానికంటే ఎక్కువైంది, సంక్రాంతి మిగులులోంచి సర్దారు, రసీదులు చూడాలనుకున్నవాళ్లు ఆయన్నే అడగండి.

థాంక్స్ చెప్పాల్సినవాళ్లు: పొద్దున్నే లేచి పులిహోర, గారెలు చేసి పంపిన ఆంటీలందరూ, ట్రక్ ఇచ్చిన ఎడిసన్ అన్నయ్య, గ్లోవ్స్ స్పాన్సర్ చేసిన డెంటిస్ట్ గారు, బస్‌లో అంత్యాక్షరి నడిపిన వదినగారు, టైర్లు లాగిన పిల్లలు, ట్రిప్ వద్దని ముందు అని తర్వాత అందరికంటే ముందు సీట్ బుక్ చేసుకున్న ప్రెసిడెంట్ గారు. ఎవరినైనా మర్చిపోతే గ్రూప్‌లో గొడవ చెయ్యకుండా నాకు ఫోన్ చెయ్యండి.

వచ్చే ఏడాది పౌలిన్స్ కిల్ అనే నదికి వెళ్దామని ఉంది, 1909 నాటి కొలంబియా డ్యామ్ తీసేశాక 2019 వసంతంలోనే అక్కడికి షాడ్ వచ్చింది. నలుగురు కోఆర్డినేటర్లు కావాలి. ఈసారి థంబ్స్‌అప్ లెక్కలోకి తీసుకోను, పేరు, ఫోన్ నంబరు, బూట్ల సైజు పంపండి.

ఇట్లు,
నది కమిటీ సెక్రటరీ