పాలు పిండుకునే వేళకూ విరామం ఇవ్వండి: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను హైదరాబాదులో ఒక చిన్న ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తాను. 26 వారాల సెలవు ముగిశాక తిరిగి పనిలో చేరాను. మా పాపకు ఈ మే నెలలో ఎనిమిదో నెల నడుస్తోంది. ఉదయం 8 గంటలకు పాలిచ్చి ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే, మళ్లీ పాప ముఖం చూసేది రాత్రి ఏడున్నరకే. ఈలోగా 11కు, 2కు, 5కు పంపుతో పాలు పిండుకోవాలి. మర్నాడు మా అత్తయ్య పాపకు పట్టేవి ఆ పాలే.

మూడు గంటలకోసారి అన్నది నా వీలు కోసం పెట్టుకున్న లెక్క కాదు. రొమ్ము ఖాళీ అయితేనే పాలు ఊరతాయి. నిండి అలాగే ఉండిపోతే ఇన్ని పాలు అక్కర్లేదనుకుని ఒళ్లే తగ్గించేస్తుంది. మొదటి నెల సమావేశాల వల్ల మధ్యాహ్నం పూట తరచూ తప్పింది. రొమ్ములు రాయిలా గట్టిపడి జ్వరం వచ్చింది. తర్వాత నొప్పి తగ్గింది, పాలూ తగ్గాయి. పూటకు 120 మిల్లీలీటర్లు వచ్చేవి 60కి పడిపోయాయి. మళ్లీ పెంచుకోవడానికి మూడు వారాల పాటు తెల్లవారుజామున 4కే లేచి, పాప తాగాక కూడా పిండుకున్నాను. పాలు ఊరించే హార్మోను రాత్రివేళ ఎక్కువని నర్సమ్మ చెబితే విని చేసిన పని అది.

ఇక పిండుకునే చోటు మరుగుదొడ్డి. బిడ్డ నోట్లోకి వెళ్లే ఆహారం అక్కడ పట్టాల్సి వస్తోంది. ఫోనులో పాప నవ్వు చూస్తే చేపుకు వచ్చే పాలు, ఎవరైనా తలుపు తడితే ఆగిపోతాయి. పల్లెలో ఆవును పితికేటప్పుడు కూడా చుట్టూ అలికిడి లేకుండా చూస్తారు. పిండిన పాలు 25 డిగ్రీల లోపు వేడిలో నాలుగు గంటలు నిలుస్తాయి. మన ఎండలకు ఆ మాత్రం కూడా నమ్మలేక ఐసు సంచి మోసుకెళ్తున్నాను.

బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం చెప్పింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే ఉంది. శిశు సంరక్షణ కేంద్రం మాత్రం 50 మంది, అంతకు మించి పనిచేసే చోటే తప్పనిసరి. మేము 30 మందిమి. నేను విరామం అడిగితే, "బిడ్డ ఇక్కడ లేదు కదా, పాలెవరికి ఇస్తారు?" అన్నారు. చట్టంలో పాలివ్వడం అన్నది తల్లే బిడ్డ దగ్గరికి వెళ్లి పాలిస్తుందనుకుని రాసిన మాట. ఇప్పుడు పాలే బిడ్డ దగ్గరికి వెళ్తున్నాయి.

అందుకే ఆ విరామాల్లో పాలు పిండుకోవడం కూడా చేరుతుందని స్పష్టంగా ఉత్తర్వు ఇవ్వండి. ఎంతమంది పనిచేసే చోటైనా గడియ ఉన్న ఒక చిన్న గది, కుర్చీ, ప్లగ్గు, చేతులు కడుక్కునే నీళ్లు, ఫ్రిజ్‌లో ఒక అర ఉండాలని అందులో రాయించండి. తనిఖీకి వచ్చే అధికారులు ఆ గదిని కూడా చూడాలి. బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడే అమ్మాయిల చేతుల్లో పంపు ఉండకపోవచ్చు. చేత్తో పిండుకుందామన్నా వాళ్లకూ పదిహేను నిమిషాల చాటు కావాలి.

ఆగస్టు 1 నుంచి 7 వరకు తల్లిపాల వారోత్సవాలు. ఉత్తర్వు ఆ వారంలో వస్తే, అప్పటికి మా పాపకు పదకొండో నెల. 15 నెలలు నిండడానికి ఇంకా నాలుగు నెలలకు పైగా మిగిలే ఉంటుంది.

ఇట్లు,
ఉప్పల్ నుంచి ఒక తల్లి